జీర్ణగృహోద్ధారణం: మండువాలో నిలిచిన ఆకాశం



దేవాలయానికి జీర్ణోద్ధారణ విధి ఉన్నది. గోపురం శిథిలమైనా, గర్భాలయ భిత్తి బీటలు వారినా, మూర్తికీ పీఠానికీ నడుమనున్న బంధనం సడలినా ఏమి చేయవలెనో ఆగమాలు క్రమంగా నిర్దేశించాయి. ముందుగా కళాకర్షణం చేసి మూలమూర్తిలోని దివ్యకళను కుంభంలోనికి ఆవాహన చేస్తారు. ఆ కుంభాన్ని బాలాలయంలో నిలిపి, పనులు ముగిసేంతవరకు నిత్యారాధన లోపించకుండా అక్కడే సాగిస్తారు. తిరుమలలో పన్నెండు సంవత్సరాలకొకసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం, 2018 ఆగస్టులో జరిగినది, భక్తులందరూ ఎరిగిన నిదర్శనమే. అక్కడ మూలవిరాట్టు స్థానం మారదు. ఎనిమిది ద్రవ్యాలతో నూరి సిద్ధపరచిన బంధనలేపనం మాత్రం నూతనమవుతుంది.

మరి గృహానికి జీర్ణోద్ధారణ విధి ఏది? గృహస్థు తన తాతగారు కట్టిన ఇంటి గదులను మార్చదలచినప్పుడు ఏది కదలరాదో, ఏది మారవచ్చునో నిర్ణయించుట ఎట్లు? ఈ ప్రశ్న కొల్లేటి తీరాన మండవల్లి ప్రాంతంలోని ఒక కుటుంబానికి ఎదురైనది. వారి పేర్లతో మనకు ప్రయోజనం లేదు. వారికి కలిగిన సందేహం నేడు ఇంటింటా ఉన్నదే కనుక ఆ వృత్తాంతాన్ని ఆస్తికులు పరిశీలించుట ఉచితం.

గుడివాడ నుంచి భీమవరం వెళ్ళే రైలుమార్గంలో, కైకలూరుకు ఇవతల వచ్చే ఊరు మండవల్లి. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ తరువాత ఏలూరు జిల్లాలో చేరినది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు భూమి అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే జలమంతా కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు అనే ఒక్క దారిన సముద్రాన్ని చేరుకోవలసినదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు కూడా ఆ నీరు చివరకు ఆశ్రయించినది కొల్లేటినే. ఇక్కడి నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, గ్రీష్మంలో బీటలు వారుతుంది. దానిపై గోడ నిలిపినవాడు నీటితో జీవితాంతం మాట్లాడుతూనే ఉండవలెను.

ఆ ఇల్లు మండువా లోగిలి. కట్టి తొంభై ఏండ్లు దాటినది. తూర్పున వీధి అరుగులు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, దాని చుట్టూ నాలుగు వసారాలు, వాటివెంట గదులు. ఈశాన్యాన దేవుని గది, ఆగ్నేయాన వంటసాల, పడమట పెరడు, పెరటిలో నుయ్యి, నూతికి ఆవల మరుగుదొడ్డి. నాలుగు వైపుల పెంకుల కప్పు లోనికి వాలి ఉంటుంది. వాన కురిస్తే నాలుగు ధారలూ మండువాలో పడి, ఉత్తరపు గోడ కిందనున్న తూము గుండా పక్కనున్న పంట బోదెలోనికి పోతాయి.

కాలక్రమాన ఆ ఇంటికి జరామయాలు కలిగినవి. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డుపైననే వేయుటచేత వీధి పెరిగినది, ఇల్లు తగ్గినది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి ప్రవేశించిన అరుగు ఇప్పుడు వీధితో సమానమైనది. దూలాలలో చెద ప్రవేశించినది. ఇరువది ఏండ్ల క్రితం సున్నపు గోడలపై సిమెంటు పూత వేయించారు. సున్నపు గోడ తాను పీల్చిన చెమ్మను మరల గాలికి విడిచిపెడుతుంది. సిమెంటు పూత ఆ శ్వాసను బంధించినది. ఫలితంగా చెమ్మ గోడలోనే నిలిచి, ఉప్పు పేలి, నడుము ఎత్తు వరకు పెచ్చులూడినది. మేలు తలచి చేసిన మరమ్మత్తే వ్యాధియైన తీరు ఇది.

ఇంటి యజమానురాలు డెబ్బది ఎనిమిదేండ్ల వృద్ధమాత. భర్త గతించి ఆరేండ్లైనది. దేవుని గదికి ఆనుకొనియున్న చిన్న గదిలో ఆమె శయనం. పెద్ద కుమారుడు ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించి భార్యాసమేతుడై తల్లివద్దనే ఉన్నాడు. చిన్న కుమారుడు అమెరికాలోని డల్లాసులో స్థిరపడినాడు. ఒక మాఘమాసపు రాత్రి ఆ తల్లి పెరటిలోనికి వెళ్తూ నూతివద్ద పాచిపై జారి పడినది. మణికట్టు విరిగినది. నాడే గృహాన్ని మార్చవలెనన్న సంకల్పం సోదరులిద్దరికీ కలిగినది. సంకల్పం ఒక్కటే, రూపాలు వేరు.

చిన్నవాడు డల్లాసు నుంచి ఒక నమూనా పంపినాడు. అందులో మండువా లేదు. దానిపై స్లాబు వేసి విశాలమైన హాలు చూపినారు. నేలను రెండడుగులు ఎత్తి నునుపైన పలకలు పరచుట, పడమటి వసారాను కలుపుకొని ఏసీతో కూడిన మూడు పడకగదులు, ప్రతి గదికి స్నానగృహం. వ్యయమంతా తానే భరిస్తానన్నాడు. తన బిడ్డలు సంవత్సరానికి పదిహేను రోజులు వచ్చినప్పుడు ఆ ఇంట సుఖంగా ఉండవలెనన్నది అతని కోరిక. అందులో ప్రేమయే ఉన్నది, దోషం లేదు.

పెద్దవాడికి ఆ నమూనా చూడగానే హృదయం కలత చెందినది. తండ్రి తిరిగిన ఇంట ఒక్క ఇటుక కదల్చుటకు అతడు ఇష్టపడలేదు. చెద పట్టిన దూలం మార్చి, గోడకు పూత పూసి, పెరటి దారికి దీపం పెట్టిస్తే చాలునన్నాడు. ఇదీ ప్రేమయే. అయితే మొదటివాడి ప్రేమ రాబోయే పదిహేను రోజులను చూచినది, రెండవవాడి ప్రేమ గడచిపోయిన అరువది సంవత్సరాలను చూచినది. నేడు ఆ ఇంట నివసించే తల్లిని ఇద్దరిలో ఎవరి దృష్టీ సరిగా చేరలేదు.

తల్లి మాత్రం ఒక్క మాటే అన్నది. "మీ ఇష్టం వచ్చినట్టు కట్టుకోండి నాయనా. ఇంట్లో పాయిఖానా మాత్రం వద్దు. దేవుడి గదికి ఆనుకుని పాయిఖానా కట్టిస్తావుట్రా? మీ నాన్నగారు ఉంటే ఒప్పుకునేవారేనా?"

పెద్దవాడు మారు పలుకలేదు. ఆచారం తన పక్షాననే ఉన్నదని అతనికి లోలోపల కొంత తృప్తి కూడా కలిగినది.

ఆషాఢంలో మేస్త్రీని పిలిపించి మండువా కొలతలు తీయించారు. ఆ మధ్యాహ్నమే పెద్ద వాన కురిసినది. నాలుగు కప్పుల నీరూ మండువాలో పడుతుండగా మేస్త్రీ వసారా స్తంభానికి ఆనుకొని చాలాసేపు చూచి, "అయ్యగారూ, దీనిమీద స్లాబేస్తే ఈ నీళ్ళు ఎటెళ్తాయండీ?" అని అడిగినాడు. వీధివైపు పంపుటకు వీలులేదు, వీధియే ఎత్తైనది. పొరుగువారి గోడపైకి పంపరాదు. అప్పుడు తూమును పరిశీలించగా, ఇరువది ఏండ్ల క్రితపు మరమ్మత్తులో జారిన సిమెంటు ముద్దలతో అది సగానికి పైగా పూడియున్నది. ప్రతి వర్షాకాలంలో ఇంటిలోనికి నీరు చేరుటకు వీధి కొంత కారణమే గాని, పెద్ద కారణం ఆ తూమేనని తేలినది.

విజ్ఞులు ఇక్కడ ఒక సామ్యాన్ని గ్రహించగలరు. నాలుగు వాలుల నీటిని గ్రహించే మండువా ఆ ఇంటికి కొల్లేరు. దాని తూము ఉప్పుటేరు. కొల్లేటి గర్భంలో చెరువుల గట్లు పెరిగి జలానికి తావు తగ్గినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు మునిగినవి. ఆ సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చి, 2006లో అక్రమ చెరువుల గట్లను తెగగొట్టవలసి వచ్చినది. ఆ గట్లపై జీవనం ఆధారపడిన పేదలకు అది బాధాకరమే అయినది. పల్లాన్ని ఆక్రమించుట సులభం, విడిపించుట కష్టం. పెద్దలు ఇంటి నడుమ ఏమీ కట్టకుండా విడిచిన చోటును "వ్యర్థస్థలం" అని లెక్కించేవారు ఈ విషయాన్ని స్మరించవలెను.

వాస్తుశాస్త్రం ఈ శూన్యానికి ఒక నామం ఇచ్చినది. ఏకాశీతిపద మండలంలో, అనగా ఎనుబది ఒక్క పదాల విభాగంలో, నడుమనున్న తొమ్మిది పదాలు బ్రహ్మవి. అంధకాసురునితో పోరిన పరమశివుని స్వేదం నుంచి పుట్టిన మహాభూతాన్ని దేవతలు అధోముఖంగా అదిమి, ఎవరు ఏ అంగాన్ని పట్టిరో అక్కడనే నివసించిరనీ, ఆ భూతమే వాస్తుపురుషుడనీ మత్స్యపురాణం చెబుతుంది. మండలంలోని దేవతలు నలువది ఐదుగురు. బాహ్యాన ముప్పది ఇద్దరు, లోపల పదముగ్గురు. అందరికీ నడుమ బ్రహ్మ. ఆ స్థానంలో స్తంభం నిలుపరాదని, భారం మోపరాదని శాస్త్రం. అందరికీ గాలిని, వెలుగును ఇచ్చేది ఎవరి సొత్తూ కారాదు. ఉమ్మడి కుటుంబంలో మండువా అట్టిదే. గదులు ఒక్కొక్కరివి, ఆకాశం అందరిది.

చిన్న కుమారుడు ఫోనులో అడిగినవి తీసివేయదగిన ప్రశ్నలు కావు. "అన్నయ్యా, దోమలు రావా? పాములు రావా? రాత్రిపూట ఇల్లు అలా తెరిచి ఉంచితే దొంగల భయం లేదా?" పూర్వులకు పశువులు, పాలేళ్ళు, ఇరువది మంది జనం ఉండేవారు. నేడు ఆ ఇంట ముగ్గురే. కనుక మండువా పైన ఇనుప చట్రం, దానికి సన్నని తీగవల అమర్చుటకు నిశ్చయించారు. వాన యథాప్రకారం పడుతుంది, వెలుగు వస్తుంది, కప్ప గాని పాము గాని రాదు. శాస్త్రం రక్షించమన్నది ఆకాశాన్ని. తీగవల ఆకాశానికి అడ్డు కాదు. నేలను రెండడుగులు ఎత్తితే ద్వారబంధాలన్నీ పొట్టివై, ప్రతివాడూ తల వంచి నడవవలసి వచ్చేది. తూమును తవ్వి శుభ్రపరచిన పిదప తొమ్మిది అంగుళాలు చాలునని మేస్త్రీ లెక్క చెప్పినాడు. పాత టేకు గడపలను పదిలంగా పైకి లేపి, ఆ కొత్త ఎత్తున మరల నిలిపినారు. సిమెంటు పూతను గీకివేసి మరల సున్నం పూసినారు.

ఇంతవరకు విషయం గోడలది, నీటిది. అసలైన చిక్కు తల్లి గదివద్దనే నిలిచియున్నది.

ఒకనాటి ప్రాతఃకాలం కోడలు అత్తగారి మంచం వద్దనున్న చెంబును తీస్తూ ఆగినది. చెంబు నిండుగా ఉన్నది. ముందురోజూ నిండుగానే ఉన్నదన్న సంగతి ఆమెకు స్ఫురించినది. వారం రోజులు గమనించినది. ప్రతి రాత్రి తాను నింపిన నీరు ప్రతి ఉదయం తాకకుండానే ఉన్నది. వేసవిలో తల్లికి మూత్రంలో మంట, జ్వరం వచ్చి మందులు వాడిన సంగతీ, నీరు బాగా త్రాగమని వైద్యుడు హెచ్చరించిన సంగతీ జ్ఞప్తికి వచ్చినవి. ఏకాంతంలో అడిగినది. "అత్తయ్యగారూ, రాత్రిళ్ళు మంచినీళ్ళు తాగడం లేదా మీరు?"

ఆమె కొంతసేపు పలుకలేదు. "పొద్దుగూకాక తాగనమ్మా. తాగితే లేవాలి. లేస్తే పెరట్లోకి వెళ్ళాలి. మళ్ళీ పడితే మీకెంత కష్టం!" అన్నది.

చుట్టూ నీరే ఉన్న కొల్లేటి సీమలో, తాను పెంచిన ఇంట, ఒక తల్లి ప్రతి రాత్రి నిర్జలోపవాసం చేస్తున్నది. ఏ ఏకాదశీ విధించిన ఉపవాసం కాదది. గృహమే విధించినది. ఈ మాట విన్న పెద్ద కుమారుడు ఆ రాత్రి అన్నం ముట్టలేదని ఆ ఇంటివారు చెబుతారు. ఆచారం తన పక్షాన ఉన్నదని తాను పొందిన తృప్తి అతనికి శల్యమైనది.

ఆ కుటుంబానికి బంధువైన ఒక వృద్ధ సిద్ధాంతి ఉన్నాడు. ఎనుబది ఐదేండ్ల వాడు, కన్ను మందగించినవాడు. అతనిని పిలిపించి మండువాలో కూర్చుండబెట్టి విషయం నివేదించారు. తల్లి తన సందేహం చెప్పినది. "అన్నయ్యగారూ, కప్పు కింద పాయిఖానా శాస్త్రం ఒప్పుకుంటుందా?"

సిద్ధాంతి నవ్వి, రామదైవజ్ఞుడు 1600లో కాశీలో రచించిన ముహూర్తచింతామణిలోని వాస్తుప్రకరణాన్ని స్మరించినాడు. అందులో గృహానికి పదహారు గదులు చెప్పబడినవి. తూర్పున స్నానగృహం, ఆగ్నేయాన పాకశాల, దక్షిణాన శయనగృహం, నైరృతిలో ఆయుధశాల, పడమట భోజనశాల, వాయవ్యాన ధాన్యగృహం, ఉత్తరాన భాండాగారం, ఈశాన్యాన దేవతాగృహం. ఈ ఎనిమిదింటి నడుమ మరి ఎనిమిది ఉన్నవి. తూర్పు ఆగ్నేయాల నడుమ చల్ల చిలికే గది, ఆగ్నేయ దక్షిణాల నడుమ నేతి గది, నైరృతి పడమరల నడుమ విద్యాభ్యాసపు గది, ఉత్తర ఈశాన్యాల నడుమ ఔషధాల గది, ఇట్లు వరుసగా. "దక్షిణానికీ నైరృతికీ నడుమ ఏ గదో తెలుసునా అమ్మా? మలవిసర్జనకు గది. పదహారింటిలో అదీ ఒకటి. శాస్త్రకారుడు దానిని ఇంటినుంచి వెళ్ళగొట్టలేదు, చోటు చూపించాడు. మన ఇళ్ళలో దూరంగా కట్టుకున్నది నీటి వసతి లేక. ఇప్పుడు నీళ్ళు పోయగానే శుభ్రమవుతుంటే ఇంకా దూరమెందుకు?" అన్నాడు.

ఆ మాట పరిశీలించదగినది. పాతంజల యోగసూత్రాలలో నియమాలు ఐదింటిలో మొదటిది శౌచం. దాని ప్రయోజనం నిర్మలత్వం. దూరం దానికి ఒకనాటి ఉపాయం. ఉపాయాన్నే లక్ష్యంగా భ్రమించినప్పుడు ఆచారం మనిషిని రక్షించుట మాని, మనిషి ఆచారాన్ని మోయవలసి వస్తుంది. అయితే చోటు ఎక్కడైనా ఒకటేనని శాస్త్రం అనలేదు. దేవుని గది పక్కన కట్టరాదన్న ఆ తల్లి సంకోచం సమంజసమే. ఆమె ప్రశ్న సగం సత్యం, దానిని త్రోసిపుచ్చకుండా సమాధానం వెదకుటయే ధర్మం.

సిద్ధాంతి మరొక మాట అన్నాడు. "పడమటికీ వాయవ్యానికీ నడుమ ఒక గది చెప్పారమ్మా, రోదనగృహం. ఏడవడానికి ఇంట్లో ఒక గది."

మండువాలో నిశ్శబ్దం వ్యాపించినది. తల్లి పడమటి వసారా చివరనున్న స్తంభం వైపు చూచి, "ఆ గది నాకుంది అన్నయ్యగారూ. ఆయన పోయాక పదకొండు రోజులూ అక్కడే కూర్చున్నాను. ఇప్పటికీ మనసు బాగుండకపోతే అక్కడే కూర్చుంటాను," అన్నది.

ఆ సమయంలో చిన్న కుమారుడు ఫోనులో ఉన్నాడు. నమూనాలో ఏసీ గదిగా మారవలసినది ఆ వసారాయే. అతడు చాలాసేపు పలుకలేదు. పిదప, "అన్నయ్యా, ఆ వసారా జోలికి వెళ్ళకండి," అని మాత్రం అన్నాడు. తన బిడ్డలకు ఉత్తరపు గదులు రెండూ చాలునన్నాడు.

నేటి ఇళ్ళ నమూనాలలో టీవీకి గోడ ఉన్నది, బూట్లకు బీరువా ఉన్నది. దుఃఖానికి చోటు లేదు. పదహారు గదుల శాస్త్రం మానవుని సంపూర్ణంగా చూచినది. అతడు తింటాడు, నిద్రిస్తాడు, చదువుకొంటాడు, రోగపీడితుడవుతాడు, విసర్జిస్తాడు, ఏడుస్తాడు. అన్నిటికీ కప్పు కింద గౌరవమైన తావు ఉండవలెను. పదహారు గదులు కట్టుకొనే శక్తి ఎందరికి ఉండును? రెండు గదుల ఇంట కూడా ఈ దృష్టి ఉండవచ్చును.

తల్లి పడకను దక్షిణపు గదికి మార్చుటకు నిర్ణయమైనది. శయనానికి శాస్త్రం చెప్పిన దిక్కు అదే. ఆ గదిలోనుంచి నైరృతి వైపుగా స్నానగృహం, మరుగుదొడ్డి. గడప లేకుండా సమతలమైన నేల, జారని గరుకు పలకలు, చేతికి పట్టు దొరికేటట్లు గోడకు కమ్మీలు, మంచం నుంచి అందేటట్లు దీపపు మీట. భూగర్భజలం పైననే ఉండే నేల కనుక మురుగు తొట్టెను నీరు ఊరకుండా గట్టిగా కట్టి, నూతికి దూరంగా ఉంచినారు. అయినా ఆమె మనస్సులో ఒక దిగులు మిగిలినది. అరువది ఏండ్లుగా దేవుని గది పక్కన నిద్రించినది. నిద్ర లేవగానే చూచేది దేవుని ముందరి దీపం. ఇక ఆ దర్శనం ఎట్లు?

మేస్త్రీ తాడు పట్టి చూచినాడు. దక్షిణపు గది ద్వారం నుంచి ఈశాన్యపు దేవుని గది ద్వారానికి మండువా మీదుగా సూటిగా దృష్టి సాగుతున్నది. మంచాన్ని ఒక మూర జరిపితే తలగడపైనుంచే దీపం కనబడుతుంది. ఆ నడుమ హాలు గోడలు లేచియుంటే ఆ దర్శనం ఆమెకు దక్కేది కాదు. ఎవరి సొత్తూ కాని ఆ శూన్యం గుండానే దేవుడు ఆమె మంచం వద్దకు రాగలిగినాడు.

పనులు మొదలు పెట్టుటకు ముందు దేవతార్చనను వీధి అరుగు గదిలోనికి మార్చినారు. నిత్యదీపం లోపించకుండా అదే బాలాలయమైనది. అప్పుడు కోడలు భర్తను అడిగినది. "దేవుడికి బాలాలయం చూశారు సరే, అత్తయ్యగారికి చూశారా?" నాలుగు నెలలు తల్లిని బంధువుల ఇంటికి పంపుదమని అతడు తలచియుండెను. వృద్ధులను పనులు ముగిసేవరకు ఎక్కడికో పంపి, మారిన ఇంటికి ఒకేసారి తీసికొనివచ్చుట లోకంలో సాధారణం. అట్లు వచ్చిన వృద్ధులు తమ ఇంటనే దారి తెలియక తడబడుతారు. ఆ తల్లికి అరుగు గదిలోనే, దేవతార్చన తెరకు ఇవతల, మంచం వేసినారు. రాత్రికి కుర్చీవంటి సాధనం అమర్చినారు. ప్రతిదినం సాయంకాలం ఆమెను చేయిపట్టి నడిపిస్తూ, ఏ గోడ ఎక్కడికి మారుతున్నదో చూపించేవారు. గృహం మారుతుండగా ఆమె దానితోపాటే మారినది.

వేదాంతులు ఆకాశాన్ని ఘటాకాశం, మఠాకాశం, మహాకాశం అని వ్యవహరిస్తారు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికల అద్వైతప్రకరణంలో ఘటాకాశ దృష్టాంతంతో ఆత్మతత్త్వాన్ని నిరూపించారు. గోడ లేచినప్పుడు ఆకాశం చీలదు, గోడ కూలినప్పుడు ఆకాశం అతకదు. ఈ దృష్టి కలవాడు పాత గోడను కూల్చుటకు అంతగా శోకించడు, కొత్త గోడను చూచి అంతగా గర్వించడు. అందువలన గోడలపట్ల ఉదాసీనుడై ఉండవచ్చునా? ఉండరాదు. ఆకాశానికి దెబ్బ తగలదు గాని, పాచిపై జారిన తల్లి మణికట్టుకు తగులుతుంది. జ్ఞానం గోడమీది మమకారాన్ని తగ్గించి, గోడ నీడలో ఉన్నవారిపై శ్రద్ధను పెంచవలెను. రెండవది లేని మొదటిది శుష్కవేదాంతమే.

ఋగ్వేదం సప్తమమండలంలో వాస్తోష్పతిని స్తుతించే మూడు మంత్రాల చిన్న సూక్తం ఉన్నది. గృహకర్మలలో వినియోగమయ్యే ఆ మంత్రాల భావాన్ని గమనించండి. ఇల్లు విశాలంగా ఉండవలెననే ప్రార్థనతో అది మొదలుకాదు. గృహాధిపతియైన ఆ దేవత తమను ఎరుగవలెననీ, ఆ ప్రవేశం శుభం కావలెననీ, రోగం లేకుండా ఉండవలెననీ, రెండు కాళ్ళవారికీ నాలుగు కాళ్ళవాటికీ క్షేమం కలుగవలెననీ వేడుకొంటుంది. ఇల్లు తనను ఎరుగుట, ఇంట రోగం లేకుండుట, ఈ రెండే ఆ వృద్ధమాత కోరినది. మొదటి దానికోసం ఆమె మార్పును నిరాకరించినది, దానివలన రెండవది కోల్పోయినది. రెండూ కలిసి దొరికే మార్గం వెదకుటయే ఆ కుమారుల జీర్ణోద్ధారణ.

గృహప్రవేశాలలో మూడు భేదాలు చెబుతారు. కొత్త ఇంట ప్రవేశం అపూర్వం, యాత్ర ముగించి స్వగృహానికి చేరుట సపూర్వం, శిథిలమై మరల బాగుచేసిన ఇంట ప్రవేశించుట ద్వంద్వం. పాతది, కొత్తది అనే రెండూ ఆ మూడవదానిలో కలిసియున్నవి. మాఘంలోనే, తల్లి జారిపడిన నాటికి సంవత్సరం తిరిగేసరికి, ద్వంద్వ గృహప్రవేశం జరిగినది. చిన్న కుమారుడు సకుటుంబంగా వచ్చినాడు. వాస్తుశాంతి అనంతరం పాలు పొంగించిన పిదప, కలశం చేతబట్టిన పెద్ద కుమారుడు ఆగి, తల్లిని ముందుగా గడప దాటమని కోరినాడు. తొమ్మిది అంగుళాలు పైకి లేచిన ఆ పాత గడపను ఆమె చేతితో తాకి, కళ్ళకద్దుకొని, లోనికి అడుగు పెట్టినది.

గృహాన్ని మార్చదలచిన ఆస్తికులు దిక్కులను విచారించండి, ఆయాన్ని గణించండి. అంతకుముందు ఆ ఇంట అందరికంటె బలహీనులైనవారు ఎవరో గుర్తించి, ఒక రాత్రి వారి మంచంపై శయనించి చూడండి. అక్కడనుంచి నీరు ఎంత దూరమో, దీపం ఎంత దూరమో, దేవుడు ఎంత దూరమో తెలుస్తుంది. ఏ గది కదలవలెనో, ఏది కదలరాదో ఆ మంచమే చెబుతుంది.

గృహప్రవేశం జరిగిన మరునాటి ఉదయం కోడలు దక్షిణపు గదిలోనికి వెళ్ళి, అలవాటుగా మంచం వద్ద చెంబు అందుకొన్నది. అది తేలికగా లేచినది. లోపల చుక్క నీరు లేదు. ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా, మండువా దాటి వెళ్ళి, చెంబును మరల నింపి తెచ్చినది.

శుభం భూయాత్.